పాత కుటుంబ చిత్రం మళ్లీ హాల్లో వేయొచ్చా? ముందు బీరువాలో కాగితం తీయండి

ప్రశ్న: మాది కోనసీమలో కొత్తపేట దగ్గర ఊరు. నాన్నగారు కట్టిన సినిమా హాలు నడుపుతున్నాను. 1972లో వచ్చిన ఒక కుటుంబ కథాచిత్రం మా హాల్లో యాభై రోజులు ఆడింది. 2010లో ఒక పాత డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఈస్ట్ గోదావరి ఏరియాకి ఆ సినిమా హక్కులు, ఒక ప్రింటు కొన్నాను. పోయినేడాది సంక్రాంతికి డిజిటల్ కాపీతో వేద్దామని పోస్టర్లు అంటిస్తే, ఊళ్లో యువజన సంఘం వాళ్లూ కొందరు కాలేజీ ఆడపిల్లలూ అర్జీ పెట్టారు. భర్త భార్యని కొట్టే సీను, పాలేరు పాత్రని కులం పేరుతో ఎగతాళి చేసే కామెడీ ఉన్నాయని వాళ్ల అభ్యంతరం. ఎస్సై గారు ఫోన్ చేసి ఆపమంటే ఆపేశాను. ఊరి వాట్సాప్ గ్రూపులో మాకు కులగర్వం అని రాశారు. మా మేనల్లుడు కోపం పట్టలేక ఆ కామెడీ సీనే కత్తిరించి అదే గ్రూపులో పెట్టాడు. ఎనభై ఏళ్ల మా అమ్మ ఆ సినిమా మన హాల్లో ఒక్కసారి చూడాలని అడుగుతోంది. ఆ రెండు సీన్లు తీసేసి వేసుకోవచ్చా? మమ్మల్ని తిట్టినవాళ్ల మీద పరువు నష్టం కేసు, ఆట ఆగినందుకు నష్టపరిహారం కేసు వేయొచ్చా? పాత సినిమాలు వేయడమే నేరమా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం నాన్నగారి కష్టం గురించి, అమ్మగారి కోరిక గురించి, మన సంస్కృతి గురించి రాశారు. కేసుని తేల్చేది మాత్రం మీరు చివర జత చేసిన జిరాక్సు. 2010 నాటి వంద రూపాయల స్టాంపు కాగితం అది. మీరు దాని గురించి ఒక్క ముక్కా అడగలేదు. నేను ముందు చదివింది దాన్నే.

అందులో ఏముంది? ఫలానా చిత్రం ఈస్ట్ గోదావరి ఏరియా ప్రదర్శన హక్కులు ఇంత సొమ్ముకి ఇచ్చాను అని ఉంది, కింద సంతకం ఉంది. ఎన్నేళ్లకు ఇచ్చారో లేదు. ఫిల్మ్ ప్రింటుకి మాత్రమేనా, డిజిటల్‌కి కూడానా అన్నది లేదు. అమ్మినాయనకి ఆ హక్కు నిర్మాత నుంచి ఎలా వచ్చిందో అసలే లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ఒకసారి చూడండి. గడువు రాయని ఒప్పందానికి ఆయుష్షు ఐదేళ్లు. అంతకన్నా ముఖ్యమైనది అదే సెక్షన్లో నాలుగో ఉపవిభాగం: హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోపు దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, ఆ హక్కు రద్దయిపోయినట్టే. హక్కు అమ్మకుండా వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చే లైసెన్సుకీ ఇవే నియమాలు వర్తిస్తాయి. మీరు 2010లో కొన్నారు, మొదటిసారి వేయబోయింది పోయినేడాది. అంటే మీ హక్కు 2011లోనే పోయింది. ఆ వాదన నుంచి ఎలాగో బయటపడ్డా 2015 దాటి రాదు.

సినిమా పాతది కదా, ఇప్పుడు ఎవరిదీ కాదు కదా అని మీకు ఎవరో చెప్పినట్టున్నారు. తప్పు. సినిమాకి కాపీరైట్ విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి 60 ఏళ్లు. 1972 చిత్రానికి అది 2032 డిసెంబరు 31 వరకు ఉంటుంది. రీళ్ల డబ్బాలు మీ గదిలో ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. డబ్బాలు మీ సొత్తు, వాటిలోని సినిమాని పదిమందికి చూపించే హక్కు వేరే సొత్తు.

హాలు నడిపే కుటుంబంలో పుట్టి, ఒక ఏరియా హక్కు కొంటూ గడువు రాయించుకోకపోవడం ఏమిటండీ? కొబ్బరితోట కౌలుకిస్తే ఎన్నేళ్లో రాయించుకోకుండా సంతకం పెడతారా? ఈ ఒక్క నిర్లక్ష్యం వల్ల మీ మిగతా ప్రశ్నలన్నీ బలహీనపడ్డాయి. ఆట ఆగినందుకు నష్టపరిహారం అడిగితే ప్రతివాది లాయరు వేసే మొదటి ప్రశ్న, ఆట వేసే హక్కు మీకు ఉందా అని. లేని హక్కుకి నష్టం అడగలేరు. పైగా ఆ దావా వేసిన రోజున, హక్కు లేకుండా వేయబోయానని మీరే కోర్టు రికార్డులోకి ఎక్కించినట్టవుతుంది.

ఇప్పుడు కత్తిరింపు సంగతి. దయచేసి ఆ పని చేయకండి. మేనల్లుడి కంప్యూటర్లో పావుగంట పనే అని రాశారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. సెన్సార్ సర్టిఫికెట్ పొందిన సినిమాని అధికారం లేకుండా మార్చడం 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం సెక్షన్ 7 కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అధికారం ఉందని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా మీ మీదే. సర్టిఫికెట్‌ మీద సినిమా నిడివి రాసి ఉంటుంది, సెన్సార్ బోర్డు తీయించిన ముక్కల వివరాలు దాని రెండో భాగంలో ఉంటాయి. మీ కాపీ దానికి సరిపోకపోతే పట్టుకోవడం ఎవరికైనా తేలికే. మంచి ఉద్దేశంతో తీశాను అన్నది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుందేమో, నేరం కాకుండా పోదు.

టికెట్ పెట్టకుండా ఉచితంగా వేస్తే అని ఇంకో మాట రాశారు. అదీ పనికిరాదు. కాపీరైట్ చట్టంలో టికెట్ లేని ప్రదర్శనలకు కొన్ని మినహాయింపులున్నాయి గానీ, ఊరందరినీ పిలిచి హాల్లో సినిమా వేయడానికి వాటిలో ఏదీ సరిపోదు. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు ఉంది. లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు తగ్గించవచ్చు, అంతే. ఇది పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా రాని నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఇక నెట్‌లో దించిన కాపీని టికెట్ పెట్టి ఆడిస్తే 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం కూడా మీద పడుతుంది. అందులో కనీస శిక్షే మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా.

మీరు అన్నిటికన్నా తేలిగ్గా రాసి వదిలేసిన వాక్యం మేనల్లుడిది. నాకు భయం కలిగించింది అదే. సర్టిఫికెట్ ఉన్న సినిమాని హాల్లో మొత్తంగా చూపించడం ఒక సంగతి. అందులోంచి కులం పేరుతో తిట్టే ముక్క ఒక్కటే తీసి, అభ్యంతరం చెప్పిన దళిత కుర్రాళ్లున్న గ్రూపులో, వాళ్లకి తగిలేటట్టు పెట్టడం పూర్తిగా వేరే సంగతి. ఆ మాట అప్పుడు సినిమాలో పాత్రది కాదు, మీ మేనల్లుడిది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల శిక్ష పడే అవకాశం ఉంది. ప్రాథమిక విచారణ లేకుండానే ఎఫ్‌ఐఆర్ కట్టవచ్చు. ముందస్తు బెయిలుకి సెక్షన్ 18 అడ్డు. ఫిర్యాదులో పైకి చూస్తే నేరమే కనబడనప్పుడు తప్ప కోర్టులు ఇవ్వవు. వాట్సాప్ గ్రూపు బహిరంగ స్థలం కాదని వాదించవచ్చు. ఆ వాదన మీద కుర్రాడి ఉద్యోగాన్నీ పాస్‌పోర్టునీ పందెం కాయకండి.

కాలపరిమితి కూడా చూడండి. మీ పరువు తీశారన్న పోస్టు మీద సివిల్ దావాకి గడువు ఏడాది. భోగి ముందు రోజు పెట్టిన పోస్టు అది, ఏడాది దాటిపోయింది, ఆ దారి మూసుకుంది. క్రిమినల్ ఫిర్యాదుకి మూడేళ్లు ఉంది. అయితే స్క్రీన్‌షాట్లకి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, ప్రశ్న వస్తే అసలు ఫోను చూపించగలగాలి. మీరు గ్రూపు నుంచి బయటికొచ్చి చాట్ తుడిచేశానని రాశారు. ఇంకేం చూపిస్తారు? మేనల్లుడు చేసినదానికి మాత్రం ఇలాంటి గడువు లేదు, ఎందుకంటే మూడేళ్లకి మించి శిక్ష ఉన్న నేరాలకి కాలపరిమితి వర్తించదు. మీరు కేసు వేసిన మర్నాడే వాళ్లు వేయగలరు, గెలిచే అవకాశం వాళ్లకే ఎక్కువ. కాబట్టి కేసు మాట మానేయండి. క్లిప్పు గ్రూపులోంచి తీయించి, అదే గ్రూపులో సూటిగా క్షమాపణ చెప్పించండి. అతని ఫోను మాత్రం రీసెట్ చేయించకండి, అది సాక్ష్యం మాయం చేసినట్టు కనబడుతుంది.

పాత సినిమాలు వేయడం నేరమా అన్నారు. కాదు. హక్కు, సర్టిఫికెట్ ఉంటే అభ్యంతరం ఒక్కటే ఆటని ఆపలేదు. రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమా విషయంలో 1989లో ఎస్. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది: ఆందోళన చేస్తామన్న బెదిరింపుకి లొంగి భావప్రకటన స్వేచ్ఛని ఆపకూడదు, సినిమాని ముక్కగా కాదు మొత్తంగా చూడాలి. సర్టిఫికెట్ ఉన్న చిత్రం వేసినవాడికి చట్టం ఇచ్చే రక్షణ గురించి 1980లో రాజ్ కపూర్ కేసులోనూ చెప్పింది. సర్టిఫికెట్‌కి గతంలో ఉన్న పదేళ్ల పరిమితిని 2023 సవరణ తీసేసింది.

ఎస్సై గారి ఫోనుకి ఆట ఆపడం మీరు చేసిన ఇంకో పొరపాటు. ప్రదర్శన ఆపే అధికారం హాళ్లకి లైసెన్సు ఇచ్చే అధికారికి, ప్రభుత్వానికి ఉంది, అదీ రాతపూర్వకంగా. 2022 మేలో జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాక, కులం ప్రస్తావన ఉన్న ఏ గొడవైనా ముందు ఆపేయాలని ఇక్కడి పోలీసులు చూస్తారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. అయినా కాగితం అడగాల్సింది. రాతలో ఉత్తర్వు ఉంటే హైకోర్టులో రిట్ వేసి ప్రశ్నించవచ్చు, ఫోన్ కాల్‌ మీద ఏమని వేస్తారు? అర్జీ నకలు, దాని మీద తీసుకున్న చర్య కావాలని సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

చట్టం పక్కన పెట్టి ఒక్క మాట. ఆ సినిమా నేను చూశాను. ఆ పాలేరు సీనుకి హాలంతా నవ్వేదని మీరు ముచ్చటగా రాశారు. నేల టికెట్లో ఆ కులం పేరున్న పిల్లలు కూడా కూర్చునేవారు, ఆ నవ్వు వాళ్ల చుట్టూ వినబడేది. అర్జీ పెట్టినది వాళ్ల మనవలు. చెంపదెబ్బ తిన్న భార్య కాళ్ల మీద పడితే చప్పట్లు కొట్టిన రోజులవి, ఆ ఆడపిల్లలు చప్పట్లు కొట్టమంటే ఎందుకు కొడతారు? సినిమా మాయం కావాలని నేను అనను. కత్తిరించి శుభ్రం చేసి చూపించడం కన్నా, ఉన్నదున్నట్టు చూపించి మాట్లాడుకోవడం మేలని నా నమ్మకం. అది సంక్రాంతికి పిల్లాపాపలతో రమ్మని మైకులో పిలిచి వేసే ఆట మాత్రం కాదు.

మీరు చేయాల్సింది ఇది. ఆ డిస్ట్రిబ్యూటర్ ఇంటికి వెళ్లి, నిర్మాత నుంచి ఆయనకి వచ్చిన పాత ఒప్పందం దొరుకుతుందేమో వెతికించండి. గడువు గురించి నేను చెప్పిన నియమాలు 1994 సవరణతో వచ్చాయి, అంతకుముందు రాసుకున్న ఒప్పందాలకి అవి వర్తించవు. 1970ల నాటి కాగితంలో హక్కు పూర్తిగా రాసిచ్చి ఉంటే ఆయనగానీ ఆయన వారసులుగానీ మీకు కొత్తగా ఇవ్వగలరు. లేకపోతే నిర్మాత వారసులని పట్టుకోవాలి. కొత్త ఒప్పందంలో గడువు, ఏరియా, డిజిటల్ ప్రదర్శన అని స్పష్టంగా, సొమ్ము, ఏడాదిలో వాడకపోయినా హక్కు పోదన్న వాక్యం, ఇద్దరి సంతకాలు ఉండాలి. సర్టిఫికెట్ నకలు సంపాదించి, డిజిటల్ కాపీకి అది సరిపోతుందో లేదో హైదరాబాద్‌ సెన్సార్ ప్రాంతీయ కార్యాలయం నుంచి రాతలో తెప్పించుకోండి. సీన్లు తీయాలనే అనుకుంటే హక్కుదారు ద్వారా అదే కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి.

అవి చేతికొచ్చాక అర్జీ పెట్టినవాళ్లని హాలుకి పిలిచి మాట్లాడండి. ఒక మామూలు రోజు ఒకే ఆట, ఆ సీన్ల గురించి టికెట్ కౌంటర్ దగ్గర బోర్డు, ఆట అయ్యాక వాళ్లకి మైకు. బోర్డు హాల్లో పెట్టండి, సినిమాకి అతికించకండి. అమ్మగారికి అంతదాకా ఆగే ఓపిక లేకపోతే, హక్కుదారులే బయటపెట్టిన కాపీ ఉందేమో చూసి ఇంట్లో టీవీలో చూపించండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త ఒప్పందం మీద మాత్రం, సొమ్ము ఇవ్వకముందే అమలాపురంలోనో రాజమండ్రిలోనో లాయరుకి చూపించాకే సంతకం పెట్టండి.