కొండ సరస్సుల్లో ట్రౌట్ వేట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పిల్లలకు సెలవులు ఉన్నప్పుడే, అంటే మే నెలలో, కాశ్మీర్ వెళ్లి విషన్‌సర్, గంగాబల్ సరస్సుల దగ్గర గుడారం వేసుకుని ట్రౌట్ చేపలు పట్టాలనుకుంటున్నాం. వీలవుతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మే నెలలో వద్దు. మనకు ఎండలు మండిపోయే రోజుల్లో అక్కడ ఇంకా మంచే. విషన్‌సర్ సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉంది, గంగాబల్ దాదాపు 3,570. సోన్‌మర్గ్ నుంచి నారానాగ్ దాకా ఆ సరస్సుల మీదుగా వెళ్లే దారిలో గడ్‌సర్ కనుమ 4,200 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ మంచు తగ్గి నడక సాఫీ అయ్యేసరికి జులై వస్తుంది. జులై రెండో వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా, అదీ ఆ సరస్సులకు అసలైన వేసవి.

మే తప్ప కుదరదంటే సరస్సు ఆలోచన పక్కన పెట్టి హిమాచల్‌లోని తీర్థన్ లోయకు వెళ్లండి. చండీగఢ్‌లో మనాలీ బస్సెక్కి ఔట్ దగ్గర దిగితే, బంజార్ మీదుగా గుషైనీ చేరొచ్చు. అక్కడిది ఏరు. ఎత్తు 1,600 మీటర్లే కాబట్టి పిల్లలకూ ఇబ్బంది ఉండదు. మధ్యాహ్నానికి పైన మంచు కరిగి నీరు బురదగా, జోరుగా మారుతుంది. అందుకే తెల్లారగట్ల మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించండి. ఎక్కడికి వెళ్లినా మత్స్యశాఖ పర్మిట్ తప్పనిసరి. ఏ ఎర వాడొచ్చో, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో పర్మిట్ తీసుకునేటప్పుడే అడగండి.

ప్రశ్న: మా ఊరి చెరువులో పిండి ఎరతో రవ్వ, బొచ్చె పట్టడం అలవాటు. ఆ గాలమే తీసుకెళ్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: సరిపోదు. రవ్వ, బొచ్చె పిండి వాసనకు వస్తాయి. ట్రౌట్ కంటితో చూసి వేటాడే చేప, ఆ విషయంలో మన కొర్రమీనుకు దగ్గర. బెండు కట్టి ఒకచోట కూర్చుంటే లాభం లేదు, ఎర కదలాలి.

ఆరు, ఏడు అడుగుల తేలికపాటి రాడ్ తీసుకోండి. నాలుగు ముక్కలుగా విడిపోయేదైతే సంచిలో పడుతుంది. 2000 సైజు స్పిన్నింగ్ రీల్, 0.20 మిల్లీమీటర్ల నైలాన్ దారం, 3 నుంచి 7 గ్రాముల స్పిన్నర్లు (నీళ్లలో లాగితే రేకు గిరగిరా తిరిగే లోహపు ఎరలు) అరడజను చాలు. స్పిన్నర్‌కు పైన ఒక జానెడు దూరంలో చిన్న స్వివెల్ (రెండు కొసలూ విడివిడిగా తిరిగే లోహపు లింకు) కట్టడం మరవొద్దు. అది లేకపోతే స్పిన్నర్ తిరిగినప్పుడల్లా దారం మెలితిరిగి, పదో విసురుకల్లా రీల్ మీద చిక్కుముడి పడుతుంది. ముడికి ఐదారు చుట్లు వేసి, బిగించేముందు ఉమ్మితో తడపండి. పొడి ముడి లాగితే రాపిడికి నైలాన్ దెబ్బతిని, చేప గుంజినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. రీల్ డ్రాగ్ (చేప గట్టిగా గుంజితే దారాన్ని కొంచెం కొంచెంగా వదిలే బిగింపు) సరిచూడడానికి దారం కొసన ముప్పావు లీటరు నీళ్ల సీసా కట్టి ఎత్తండి. సీసా నేల వదిలే సమయానికి దారం నెమ్మదిగా జారాలి.

సరస్సు ఎంత పెద్దదైనా చేప ఎక్కడ పడితే అక్కడ ఉండదు. వాగు వచ్చి కలిసేచోట, నీరు బయటికి పోయేచోట, లేత ఆకుపచ్చ రంగు ఒక్కసారిగా ముదురు నీలంగా మారే అంచున చూడండి. ఆ రంగు మారేచోటే లోతు మొదలవుతుంది. ఒడ్డు మీద నిటారుగా నిలబడితే మీ నీడ చూసే పారిపోతుంది కాబట్టి, రెండు మీటర్లు వెనకే మోకాళ్ల మీద కూర్చుని మొదటి విసురు ఒడ్డు వెంబడే వేయండి. స్పిన్నర్ నీళ్లలో పడ్డాక ఐదు లెక్కపెట్టి చుట్టండి. తగలకపోతే పది, తర్వాత పదిహేను. ఏ అంకెకు తగిలిందో గుర్తుంచుకుంటే ఆ లోతులోనే మళ్లీ దొరుకుతుంది. చుట్టేటప్పుడు రాడ్ కొసన సన్నటి వణుకు తెలియాలి. తెలియకపోతే స్పిన్నర్ రేకు తిరగడం లేదన్నమాట, కొంచెం వేగం పెంచండి.

ప్రశ్న: అక్కడ అన్నం ఉడకదంటారు, నిజమేనా? విమానంలో గ్యాస్ డబ్బా తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నిజమే. 3,700 మీటర్ల దగ్గర నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. గిన్నెలో ఎంతసేపు ఉంచినా మెతుకు మధ్యలో పలుకు మిగులుతుంది. మూడు లీటర్ల కుక్కర్ తీసుకెళ్లండి, బియ్యం అరగంట నానబెట్టండి. గ్యాస్ డబ్బా, అగ్గిపెట్టె, లైటర్ విమానంలోకి రానివ్వరు, అవి శ్రీనగర్‌లోనే కొనాలి. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు, మంట చచ్చిపోతుంది. ప్రొపేన్ కలిసినది అడగండి. కొక్కేలు, కత్తి చెక్-ఇన్ సంచిలో, పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలో పెట్టుకోవాలి. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఇంకొకటి, హైదరాబాద్ ఎత్తు 540 మీటర్లే, అంత ఎత్తు ఒంటికి అలవాటు కావాలి. అందుకని శ్రీనగర్‌లో ఒక రాత్రి, 2,700 మీటర్ల సోన్‌మర్గ్‌లో రెండు రాత్రులు ఆగి పైకెక్కండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే ఆ రోజు ఇంకా ఎక్కొద్దు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా చూడకుండా వెంటనే కిందికి దించాలి.

ప్రశ్న: పోయినసారి పట్టిన ట్రౌట్‌ను ఫొటో తీసుకుని వదిలేశాం. కాసేపటికి వెల్లకిలా తేలింది. ఏం తప్పు చేశాం?
– ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

జవాబు: ఫొటో కోసం గాలిలో ఎక్కువసేపు ఉంచి ఉంటారు. పోరాడి అలసిన చేపకు నీటి బయట పది సెకన్లు కూడా ఎక్కువే. రెండోది, పొడి చేతులు. ట్రౌట్ ఒంటిమీద జారుడు పొర దానికి కవచం. పొడి అరచేతికి ఆ పొర అంటుకొచ్చేస్తుంది, ఆ చోట బూజు పట్టి రోజుల తర్వాతైనా చస్తుంది. ముందు చేతులు తడుపుకోండి. చేపను గడ్డి మీద, రాళ్ల మీద వేయకండి. స్పిన్నర్ మూడు ముళ్ల కొక్కెం తీసేసి ఒంటి ముల్లుది పెట్టి, ఆ కొక్కెం కొసన వెనక్కి తిరిగిన పంటిని పట్టకారుతో నొక్కేస్తే నీళ్లలోనే ఒక్క మెలికతో ఊడివస్తుంది. గొంతులోకి దిగితే లాగకండి, దారం దగ్గరగా కత్తిరించండి. వదిలేటప్పుడు పొట్ట కింద చేయి పెట్టి, వీపు పైకి ఉండేలా నీళ్లలో పట్టుకోండి. మొప్పలు నిదానంగా ఆడి, తోక మీ వేళ్లను తన్ని తనంతట తాను వెళ్లేదాకా చేయి తీయొద్దు.