రెండు లక్షలతో సొంత కుర్తాల బ్రాండ్ పెట్టొచ్చా?

చేతిలో రెండు లక్షలున్నాయి, ఉద్యోగం మానకుండానే ఆన్‌లైన్‌లో కాటన్ కుర్తాలు అమ్మాలని ఉంది, ముందు లోగో చేయించుకోవాలా, స్టాక్ తెచ్చుకోవాలా అని అడిగారు. నేను గుంటూరులో ఉంటాను. మంగళగిరి కాటన్‌తో కుర్తాలు కుట్టించి నాలుగేళ్లుగా అమ్ముతున్నాను. మీ డబ్బుతో మొదలుపెట్టొచ్చు. కానీ ముందు లోగో వద్దు, స్టాకూ వద్దు. ఒక్క మోడల్ తీసుకోండి. రకరకాల ఒళ్లున్న పది మందికి అది సరిగ్గా కుదిరేదాకా దాన్నే కుట్టించండి.

నేను అలా చేయలేదు. మొదటిసారే ఆరు మోడళ్లు, నాలుగు సైజులు, మొత్తం 120 కుర్తాలు కుట్టించాను. గుడ్డ తానుల్లో ఎలా వచ్చిందో అలాగే కటింగ్‌కి ఇచ్చేశాను. నెల తిరక్కుండానే ఖమ్మం నుంచి ఒకావిడ ఫొటో పంపారు. మంచం మీద కుర్తా పరిచి, పక్కన టేపు పెట్టి తీశారు. 46 అంగుళాలని నేను అమ్మిన కుర్తా ఒక్క ఉతుకుకి 44కి వచ్చింది. ఆ ఫొటో చూశాక రెండు రోజులు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అదే గుడ్డతో కుట్టినవి ఇంకా ఎనభై దాకా ఇంట్లో ఉన్నాయి. గంజి పెట్టి నేసిన కాటన్ తడిస్తే కుదించుకుంటుంది. ఇప్పుడు తాను రాగానే ముందు ఒక మీటరు ముక్క కత్తిరించి, పొడవు, పన్నా రాసుకుని, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరాక మళ్లీ కొలుస్తాను. ఎంత తగ్గిందో చూశాకే మొత్తం తడిపి ఆరబెట్టి కటింగ్ మాస్టర్ గారికి పంపుతాను. ముదురు రంగైతే తడి ముక్క మీద తెల్ల గుడ్డ పెట్టి గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ తాను వెనక్కిచ్చేయండి, మొహమాటపడొద్దు.

రెండో దెబ్బ చంక దగ్గర తగిలింది. చెయ్యి పైకెత్తితే కుర్తా మొత్తం పైకి లేస్తోందని, చంకలో పట్టేస్తోందని వరసగా ఫోన్లు. పట్టేస్తోందంటున్నారు కదా అని చంక ఇంకో అంగుళం దింపించాను. ఇంకా ఎక్కువ లేచింది! తర్వాత ఒక పాత కటింగ్ మాస్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కుర్తా నాకే వేయించి, చెయ్యెత్తమని, చంక దగ్గర వేలు పెట్టి చూపించారు. "చంక కిందకి దిగేకొద్దీ చెయ్యి లేస్తే కుర్తా ఒళ్లంతా లాగుతుందమ్మా. చంక పైకి తియ్యాలి, చేతి గుడ్డ వెడల్పు పెంచాలి" అన్నారు. నేను చేసినదానికి సరిగ్గా ఉల్టా. గుడ్డ మీద పెట్టి కత్తిరించడానికి ఆయన కోసిచ్చిన అట్ట ప్యాటర్న్ ఇప్పటికీ నా దగ్గర మేకుకి వేలాడుతోంది. ఎం సైజుని అన్నివైపులా రెండంగుళాలు పెంచితే ఎల్ అయిపోదని కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. భుజం అంత పెరగదు, ఛాతీ పెరుగుతుంది. ప్యాటర్న్ మాస్టర్‌కి ఇచ్చే డబ్బు దగ్గర బేరాలాడకండి. మీ బ్రాండ్ అంటే నిజానికి ఆ అట్టే.

లెక్క కూడా చెబుతాను. అప్పట్లో ఒక కుర్తాకి రెండున్నర మీటర్ల గుడ్డ 600, కుట్టు కూలి 200, గుండీలు, లేబుల్, కవర్ కలిపి 40, కొరియర్ 70. మొత్తం 910. అమ్మిన ధర 999. పన్ను పోగా నాకు మిగిలింది 41 రూపాయలు. ఒక్కటి తిరిగొస్తే రానూపోనూ కొరియర్ 140. అంటే మూడు కుర్తాల లాభం పోయాక ఇంకా చేతి నుంచి పడుతుంది. నా టైమ్, ఫొటోలు, కరెంటు, ఇస్త్రీ ఈ లెక్కలో లేనే లేవు. తక్కువకి అమ్మితే జనం వస్తారనుకున్నాను. వచ్చారు, కానీ సైజు కుదరక సగం సరుకు వెనక్కొచ్చింది.

కాగితాల గురించి పెద్దగా భయపడక్కర్లేదు. పేరు అనుకోగానే ట్రేడ్‌మార్క్ సైట్‌లో 25వ క్లాసులో వెతకండి, బట్టలు ఆ క్లాసులోకే వస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఫీజు 4,500. నేను వెయ్యి లేబుళ్లు నేయించుకున్నాక వెతికాను, ఆ పేరు అప్పటికే ఇంకొకరిది. ఇతర రాష్ట్రాలకి పంపాలంటే జీఎస్టీ నంబరు తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న బట్టలకి 5 శాతం, ఆ పైన 18 శాతం. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఏజెంటుకి డబ్బులివ్వొద్దు.

చేనేత గుడ్డతోనే చేయాలనుకుంటే రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. మంగళగిరి నూలుకి రంగు నేతకు ముందే, చిలపలుగా, అంటే నూలు కట్టలుగా ఉన్నప్పుడే వేస్తారు. ఒక్కో విడతకి ఛాయ కొంచెం మారుతుంది. ఒకే నీలం అని తెచ్చిన రెండు తానులు ట్యూబ్‌లైట్ కింద నాకు ఒక్కటిగానే కనిపించాయి. కుట్టాక ఎండలో చూస్తే ఒంటి గుడ్డ ఒక నీలం, చేతులు ఒక నీలం. అందుకే ఒక కుర్తాకి కావలసిన ముక్కలన్నీ ఒకే తానులోంచి తీయించండి. రెండోది, వానలు. గుంట మగ్గంలోకి నీళ్లు ఊరితే నేత ఆగిపోతుంది, పడుగుకి, అంటే మగ్గం మీద నిలువు దారాలకి, గంజి పెట్టి ఆరబెట్టడానికీ ఎండ కావాలి. దసరా సరుకు ఆగస్టులో ఆర్డరిస్తే టెన్షన్ తప్పదు, వేసవిలోనే చెప్పుకోండి. ఆలస్యమైందని నేతన్న మీద కోప్పడొద్దు, అడ్వాన్స్ మాత్రం చెప్పిన రోజుకి ఇవ్వండి. మీరు డబ్బులు ఆపితే వాళ్ల ఇంట్లో ఆ వారం నూలు కొనడానికి ఉండదు. పవర్‌లూమ్ గుడ్డకి మంగళగిరి చేనేత అని పేరు పెట్టి సగం ధరకి అమ్మేవాళ్లు కనిపిస్తారు. వాళ్లతో ధరలో పోటీకి దిగకండి, మీరు ఆ పని అస్సలు చేయకండి. అది నేసినవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

మీ రెండు లక్షల్లో ఒక ముప్ఫై వేలు ప్యాటర్న్‌కి, శాంపిళ్లకి పెట్టుకోండి. కుదిరాక ఒకే మోడల్, రెండు రంగులు, వంద పీసుల లోపు కుట్టించండి. మిగతాది బ్యాంకులోనే ఉంచి, మొదటి వంద మందిలో ఎవరు ఎందుకు తిప్పి పంపారో ఒక పుస్తకంలో రాసుకోండి. అందరి ఫోన్లు మీరే ఎత్తండి. చంక దగ్గర ఏమైనా తేడా చెబితే ఇక్కడ కింద రాయండి, మా మాస్టర్ గారిని అడిగి చెబుతాను.