తులా? తులమా? ఐదు కిలోల బంగారం లెక్క

సందేహం: శ్రీకృష్ణదేవరాయల కాలం నేపథ్యంగా నవల రాస్తున్నాను. అందులో రాయలు ఒక గుడికి ఐదు కిలోల బంగారం సమర్పిస్తాడు. కిలో అన్న మాట అక్కడ పొసగదు. ఆనాటి తూకంలో ఎన్ని తులాలని రాయాలి? తుల, తులం ఒకటేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: కిలో అక్కడ పొసగదని మీకే తోచింది, సంతోషమమ్మా. రాజుల కథల్లో కిలోమీటర్లు, నిమిషాలు దొర్లించేవారు ఎక్కువైపోయారు.

తుల, తులం ఒకటి కావు. పుట్టుక ఒకటే, తూకంలో మాత్రం పొంతన లేదు. తుల అంటే మొదట త్రాసు. 1515లో కొండవీడు గెలిచాక రాయలు అమరావతిలో తులాపురుషదానం, అంటే మనిషి బరువుకు బంగారం తూచి ఇచ్చే దానం, చేశాడు. అక్కడి తుల త్రాసే. ఆ త్రాసు పేరే ఒక తూకానికీ వచ్చింది. 'తులా స్త్రియాం పలశతం' అన్నాడు సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు. నూరు పలాలు ఒక తుల, ఇరవై తులలు ఒక భారం. ఆయన లెక్క గురిగింజతో మొదలవుతుంది: ఐదు గింజలు మాష, పదహారు మాషలు కర్ష, నాలుగు కర్షలు పలం. గింజ సుమారు 120 మిల్లీగ్రాములనుకుంటే పలం 38 గ్రాముల పైచిలుకు, తుల 3 కిలోల 840 గ్రాములు. మనం చెప్పుకునే తులమో, 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 180 గ్రెయిన్లని స్థిరపరచినది, అంటే 11.66 గ్రాములు. తుల అనవలసిన చోట తులం అంటే మీ రాయల దానం మూడు వందల రెట్లకు పైగా చిక్కిపోతుంది.

ఇప్పుడు కొన్ని అంగళ్లలో తులమంటే పది గ్రాములే. పత్రికలూ అలాగే రాస్తున్నాయి. ఇది నాకు నచ్చదు. 1956 తూనికల చట్టం మెట్రిక్ కొలతలు తెచ్చిందే కాని, తులాన్ని పది గ్రాములకు కుదించలేదు.

పలంతో చిక్కు ఇంకా పెద్దది. ఆయుర్వేద మందుల కూర్పుల నేటి లెక్కలో పలం 48 గ్రాములు. మెట్రిక్ కొలతలు రాకముందు మన అంగడి పలం మూడు తులాలు, అంటే 35 గ్రాములు. అలాంటివి నలభై అయితే వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువు. కాబట్టి మీ ఐదు కిలోలు అమరుని ప్రకారం ఒక తులా ముప్పై పలాలు, వైద్యుల ప్రకారం ఒక తులా నాలుగు పలాలు, అంగడి ప్రకారం మూడు వీశెల ఇరవై మూడు పలాలు. కంప్యూటర్‌లో అంకె కొట్టి 'ఇన్ని పలాలు' అని తేల్చేవారు అది ఏ పలమో కూడా చెప్పాలి కదా!

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన మాట: ఎత్తు. ఈనాటి పిల్లలకు ఎత్తంటే పొడుగు, లేదా చదరంగంలో వేసేది. మన పెద్దలకు అది తూకం. 'గురిగింజ ఎత్తు కస్తూరి', 'రూపాయి ఎత్తు పసుపు' అనేవారు. చేతి త్రాసును చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. దండి నడిమి తాడు పట్టి పైకి ఎత్తితే తప్ప పళ్లేలు నేల విడవవు, ముల్లు నిలవదు. ఎత్తడమే తూచడం. తమిళులు ఎత్తడాన్ని 'ఎడు' అంటారు, బరువును 'ఎడై' అంటారు. వారి 'తూక్కు' ఎత్తడమూ, తూచడమూ. మన తూగు, తూకం, తూనిక దాని చుట్టాలే. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు సమర్పించే 'నిలువెత్తు బంగారం' మనిషి బరువుకు సరితూగే బెల్లం. అక్కడి ఎత్తును పొడుగనుకుంటే మొక్కే అర్థం కాదు. ఇంత చక్కని మాట ఉండగా 'పది గ్రాముల బరువు కలిగిన గొలుసు' అని రాస్తున్నారు. కలిగి ఉండడమేమిటి? 'పది గ్రాముల గొలుసు' అంటే చాలు, ఇంకా కావాలంటే 'పది గ్రాముల ఎత్తు గొలుసు' అనండి.

ఇక మీ నవల సంగతి. విజయనగర కాలంలో బంగారం మాట వస్తే వినబడేది వరహా అనే బంగారు నాణెం. అది సుమారు 3.4 గ్రాములు. ఐదు కిలోలకు 1,470 వరహాలు వస్తాయి. కథలో అంత ఖచ్చితం అక్కరలేదు కనుక 'పదిహేను వందల వరహాల ఎత్తు బంగారం' అని రాయండి, కాలానికీ సరిపోతుంది, తెలుగుకూ సరిపోతుంది. శాస్త్రం చదివిన పురోహితుడి నోట 'తులకు మించిన పసిడి' అనిపించినా తప్పనను. తులం మాత్రం నేనైతే వాడను. మాట పాతదే కావచ్చు, మీ పాఠకుడి మనసులో మెదిలేది మాత్రం కంపెనీ తులమో, పది గ్రాముల తులమో అవుతుంది. అయినా సంభాషణలో ఒకచోట దొర్లితే దానికోసం పుట మార్చి రాయమనీ చెప్పను.