బలుసాకు తినడం గతిలేనితనమా?

సందేహం: అయ్యా, మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. మొన్న ఒక పత్రికలో ‘సీమ రైతుకు బలుసాకే గతి’ అని పెద్దక్షరాలతో వేశారు. మేం ఇష్టంగా వండుకునే ఆకు గురించి అలా రాస్తే మనసు చివుక్కుమంది. గుంటూరు నుంచి వచ్చిన మా వియ్యపురాలేమో ‘బలుసాకంటే బలిసిన ఆకు, గొడ్డు కూడా ముట్టని ముదురాకు, అందుకే బతికుంటే బలుసాకు తినొచ్చు అని సామెతలో పెట్టారు’ అంటుంది. నిజమేనా? ఇంకొకటి. మేం గోగాకు, గురుగాకు, చెంచలాకు అంటాం. మా మనవరాలు బడిలో అట్లే రాస్తే ‘ఆకు’ కొట్టేసి ‘కూర’ అని దిద్దారు. ఆకు అనడం తప్పా? చివరిగా, కరువు కాటకాలు అంటారు గదా. కరువు మాకు తెలుసు, కాటకం ఏమిటి?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు మీ వియ్యపురాలి సంగతి తేల్చుకుందాం. ‘బలియు’ నుంచి నామవాచకం కావాలంటే ‘బలుపు’ వస్తుంది. ఆకుకు విశేషణం కావాలంటే ‘బలిసిన’ అవుతుంది. ‘బలుసు’ ఏ దారినా రాదు. అది ఒక చెట్టు పేరు. బలుసు, ఆకు కలిసి ఉత్వసంధితో బలుసాకు అయింది, అంతే. జగ్గయ్యపేట దగ్గర బలుసుపాడు అని ఊరుంది. దానికి ‘బలిసిన పాడు’ అని అర్థం చెబితే ఆ ఊరివాళ్లు ఊరుకుంటారా? కన్నడం మాట్లాడే మీ పొరుగువాళ్లు దీన్నే కారె అంటారు, తమిళులు కారై అంటారు.

గొడ్డు ముట్టదన్న మాటా నిలవదు, మేకలు దీన్ని వదిలిపెట్టవు. గుట్టల మీద, బండల సందుల్లో, వంక గట్ల మీద పెరిగే ముళ్లపొద ఇది. ఆకులు రెండేసి ఎదురెదురుగా ఉంటాయి, ముళ్లూ అంతే, జంటలుగా ఎదురుబొదురు. పండు పసుపుపచ్చన, నడిమిన చిన్న గాడి. ముళ్ల మధ్యకు రెండు వేళ్లు దూర్చి కొసనున్న లేతాకు మాత్రం గిల్లి ఒడిలో వేసుకుంటారు. ముదురాకు జోలికి ఎవరూ పోరు. ఉడికించి, కందిబ్యాళ్లతో కలిపి ఎనిపి, తెల్లగడ్డ తిరగవాత పెడితే సంగటిలోకి ఇంకేమీ అడగరు. ఇదంతా మీకు తెలియక రాయలేదు, మీ వియ్యపురాలికి చదివి వినిపిస్తారని రాశాను.

ఇక సామెత. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని ఎవరంటారు, ఎప్పుడంటారు? నాలుగు బోర్లు వేసి నీళ్లు పడక, ఐదోదానికి అప్పు చేస్తానంటున్న మొగుడితో పెళ్లాం అంటుంది: ‘ఇంగ చాలుగానీ, బతికుంటే బలుసాకు తినొచ్చు.’ రాయచోటి నుంచి కువైట్ పోయి, అక్కడ ఇబ్బంది పడుతున్న కొడుకుతో తల్లి ఫోనులో అంటుంది: ‘వచ్చెయ్ అబ్బీ, బతికుంటే బలుసాకు తినొచ్చు.’ గమనించండి, ఈ మాట అనేవాళ్లెవరూ ఆ పూట బలుసాకుతో కడుపు నింపుకొంటున్నవాళ్లు కారు. ఎదురుగా ఏదో లాభం ఉంది, దాని వెనక ప్రాణగండమో అప్పుల ఊబో ఉంది. ఆ లాభం మాకొద్దు అని చెప్పేటప్పుడు ఈ సామెత నోటికొస్తుంది. వాన మొహం చాటేసినా ఆ పొద చావదు. దానికి విత్తనం కొననక్కరలేదు, శిస్తు కట్టనక్కరలేదు. ఎవరు ఏం లాక్కున్నా గుట్టమీది బలుసును లాక్కోలేరు గదా అన్న ధీమా ఆ మాటలో ఉంది. తినరాని ఆకే అయితే సామెతకు కాళ్లే లేవు. ‘బతికుంటే ఉమ్మెత్తాకు తినొచ్చు’ అని ఎవరైనా అంటారా?

కాబట్టి ఆ శీర్షిక తప్పే. సామెత బలమంతా ‘తినొచ్చు’లోని ‘ఒచ్చు’లో ఉంది. అది ఇంకో దారి ఉందని చెబుతుంది. పత్రిక దాన్ని తీసేసి ‘బలుసాకే’ అని అవధారణ, అంటే అదొక్కటే అన్న నొక్కు, బిగించి, పక్కన ‘గతి’ పెట్టింది. దాంతో ఉన్న దారులన్నీ మూసేసినట్టయింది. ‘బలుసాకైనా తిని బతకొచ్చు’ అనేవాళ్లూ ఉన్నారు. ఆ ‘ఐనా’ వల్ల ఆకు విలువ ఒక మెట్టు దిగుతుంది గానీ సామెత చెడదు. ‘గతి’తో చెడుతుంది.

దిక్కులేనితనమే చెప్పాలనుకుంటే తెలుగులో మాటలకేం తక్కువ? అన్నమో రామచంద్రా అంటున్నారు అనొచ్చు, పొట్ట చేత పట్టుకొని పోయారు అనొచ్చు. అయితే గడ్డి దగ్గర మాత్రం జాగ్రత్త. కరువులో జనం గడ్డి తిన్నారని రాస్తే లంచం తిన్నారనో, చేయరాని పని చేశారనో చదువుకుంటారు. గడ్డిగింజలు దంచుకొని కాచుకున్నారని రాయాలి.

సీమ మాటే కావాలంటే ‘కాలం కాలేదు’ ఉంది. వాన రాలేదు, పైరు రాలేదు, గింజ రాలేదు అన్న మూడు సంగతులూ ఆ రెండు మాటల్లో ఇమిడిపోతాయి. మిగతా చోట్ల ‘కాలం చేశారు’ అంటే చావు కబురు. ఇక్కడ ‘కాలమైంది’ అంటే పంట కబురు! అలాంటిదే ‘సుగ్గి’. కన్నడంలో అది కోతల కాలం పేరు, సంబరం పేరు. ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల్లో ‘సుగ్గికి పోయినారు’ అంటే ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో పరాయి ఊళ్లలో కూలికి పోయినారని. తమ చేలో కోయడానికేమీ లేక ఇంకొకరి కోతలకు పోయేవాళ్ల వలసకు ఆ పేరు దక్కింది. ఇంత పదునైన మాట చేతిలో ఉండగా శీర్షికలు రాసేవాళ్లు బలుసు పొదను ఎందుకు పీకుతారో నాకు అర్థం కాదు.

కరువులకు పేర్లు పెట్టడంలోనూ మనవాళ్లది ఒక పద్ధతి. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసింది నందన కరువు. 1876లో మొదలై 1878 దాకా కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను పీల్చేసింది ధాత కరువు. రెండూ తెలుగు సంవత్సరాల పేర్లే. అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగం, 1882లో గానీ విడి జిల్లా కాలేదు. అందువల్ల మీ ముత్తాతల చావులు బళ్లారి లెక్కలో కలిసిపోయాయి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్నవాళ్లకు గంజి పోయించి పేరు తెచ్చుకున్నారు. ఆ యేటి పేరు అక్షయ! పంచాంగానికి అప్పుడప్పుడు ఇలాంటి వెటకారం ఉంటుంది.

ఇప్పుడు మీ రెండో సందేహం. నాకు ఎక్కువ ఇష్టమైందీ ఇదే. గోగాకు తప్పు కాదు, గోంగూర ఒక్కటే ఒప్పూ కాదు. రెండూ సరైన పేర్లే. ఆకు అనేది చెట్టు వైపు నుంచి పెట్టిన పేరు, కూర అనేది పొయ్యి వైపు నుంచి పెట్టిన పేరు. అలాగని సీమంతా ఆకే అనుకోవద్దు, కర్నూలు వైపు అదే మొక్క పుండికూర.

అసలు తేడా ఇంకొక జంటలో కనబడుతుంది. కోస్తాలో ‘ఆకుకూర’ అంటారు, మీరు ‘కూరాకు’ అంటారు. ఉన్నవి అవే రెండు మాటలు, వరసే తారుమారైంది. తెలుగు సమాసంలో చివరి మాటదే పెత్తనం. ఆకుకూర అంటే కూరల్లో ఒక రకం, ఆకుతో చేసేది. కూరాకు అంటే ఆకుల్లో ఒక రకం, కూరకు పనికొచ్చేది. మొదటిది వంటింట్లో, సంతలో పుట్టిన మాటలా ఉంటుంది. రెండోది చేలో నిలబడి, కంటికి కనబడే పచ్చనాకుల్లో ఏది కూరకొస్తుందో చూసుకునేవాళ్ల మాట. దీనికి వ్యాకరణ ప్రమాణం చూపించలేను, ఇది నా ఊహ. కానీ ఎర్రనేల చెనక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్లను చూడండి. సాలులో ఉన్నంతసేపూ గురుగు కలుపే. పూతకు రాని లేతది చేతికి దొరికితే గట్టున పారేయకుండా ఒడిలో వేసుకుంటారు, అప్పటినుంచి అది కూరాకు. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే గునుగు కూడా ఈ గురుగే, కాకపోతే వాళ్లు పూసిందాకా ఆగుతారు.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. ఒకే మొక్కకు ఊరూరా పేరు మారుతుంది: గంగవాయిలి, గంగపాయల, గంగపావిలి అన్నీ ఒకటే. వేర్వేరు మొక్కలకు ఒకే పేరు ఉండటమూ ఉంది, గలిజేరు అలాంటిదే. అందుకని నేను రాసిన పేర్లు పట్టుకొని, తెలిసినవాళ్లు పక్కన లేకుండా, ఎవరూ ఆకు కోయబోకండి. మనవరాలి పంతులుగారికి మాత్రం ఈ జవాబు తప్పకుండా చూపించండి. ‘గోగాకు’కు మార్కు తగ్గించి ఉంటే తిరిగి వేయాలి.

కాటకం అంటే వేరే ఏమీ కాదు, అదీ కరువే. ఒకే అర్థమున్న రెండు మాటలను జంట కట్టి బరువు పెంచడం మనకు అలవాటు. కాటకం ఒంటరిగా ఇప్పుడు దాదాపు వినబడదు. దుర్భిక్షం సంస్కృతం, భిక్ష పుట్టని కాలమని దాని అర్థం. కరవు, కరువు రెండు రూపాలూ చెల్లుతాయి, పాతవాళ్లు శకటరేఫంతో కఱవు అని రాసేవారు.