టాపు గుడ్డ చిరిగిన కన్వర్టిబుల్ కొనవచ్చా? ముందు కార్పెట్ ఎత్తి చూడండి

గుంటూరు నుంచి అడిగిన మిత్రులకు నమస్కారం. హైదరాబాదులో మీరు చూసిన 2013 మోడల్ మినీ కూపర్ కన్వర్టిబుల్‌కు (గుడ్డ టాపును మడిచి తెరవగలిగే కారు) టాపు గుడ్డ వెలిసిపోయిందని, ముందు సీట్ల వెనక మడత దగ్గర కుట్లు విడిపోయాయని, వెనక అద్దం ఒక మూల గుడ్డ నుంచి ఊడి వచ్చిందని రాశారు. అమ్మే ఆయన ఆ మేరకు ధర తగ్గిస్తానంటున్నారు కనుక విజయవాడ ఆటోనగర్‌లో కొత్త గుడ్డ వేయించుకుంటే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. నేను విజయవాడలో ఉంటాను. అదే తరం మినీని ఇంచుమించు అలాంటి టాపుతోనే సెకండ్ హ్యాండ్‌లో కొని ఇప్పటికీ నడుపుతున్నాను. నా అనుభవంలో అలాంటి బండి కొనవచ్చు, కానీ బేరం ఆడవలసింది టాపును చూసి కాదు, ఆ టాపు కారినన్నాళ్లూ నీళ్లు ఎక్కడికి చేరాయో చూసి. గుడ్డ ఎంత ఖరీదైనా దానికొక లెక్క ఉంటుంది. ఫ్లోరుకు పట్టిన తుప్పుకూ తడిసిన వైరింగుకూ లెక్క ఉండదు.

మామూలు కారులో పైకప్పు కూడా బాడీకి బలమిచ్చే భాగమే. కన్వర్టిబుల్‌కు ఆ ఆధారం లేదు కాబట్టి తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు భాగాన్ని, ఫ్లోరును, ముందు అద్దం ఫ్రేమును తయారీలోనే మరింత గట్టిగా చేస్తారు. చిక్కేమిటంటే, టాపు నుంచి కారిన నీరు దిగి నిలిచేది కూడా సరిగ్గా ఆ ఫ్లోరులోనే. కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది. అది నీటిని పీల్చుకుని వారాల తరబడి వదలదు, పైన చేత్తో తడిమితే మాత్రం పొడిగానే తగులుతుంది. అమ్మకానికి పెట్టిన బండిని వాటర్ వాష్ చేయించి, సెంటు కొట్టి చూపిస్తారు కనుక ముక్కును నమ్ముకోవద్దు. తలుపు దగ్గరి ప్లాస్టిక్ పట్టీ తీయించి, కార్పెట్ అంచు ఎత్తి, ఫోమ్‌ను పిండి చూడండి. ముందు సీటులో కాళ్ల పక్కనున్న ప్యానెల్ తీయించి, దాని వెనకనున్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ప్లగ్గులకు పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. తరువాత బండిని లిఫ్టు ఎక్కించి, రన్నింగ్ బోర్డు అడుగుభాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టించండి. గట్టి రేకు మోగుతుంది, తుప్పు తిన్నదీ పుట్టీ పెట్టినదీ మొద్దుగా పలుకుతాయి. ఇవేవీ చేయనివ్వనని అమ్మే ఆయన అంటే ఆ బండిని అక్కడే వదిలేయండి.

తడి కనిపించినంత మాత్రాన అది టాపు తప్పేనని అనుకోనక్కరలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు బండ్లు ఎలా మునిగాయో మనం చూశాం. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులోనూ కాలనీలకు కాలనీలే నీటిలో ఉన్నాయి. నీట మునిగిన కన్వర్టిబుల్‌ను అమ్మేవారికి చిరిగిన టాపు ఒక మంచి సాకు, ఎందుకంటే ఎక్కడ తడి కనిపించినా నెపం దాని మీదకే నెట్టవచ్చు. టాపు నుంచి కారిన నీరు పైనుంచి వస్తుంది కనుక ముందు అద్దం పక్క స్తంభాల లైనింగు మీద, వెనక సీటు పక్క ప్యానెళ్ల మీద నిలువు చారలు ఉంటాయి, మట్టి ఉండదు. వరద నీరు కిందినుంచి వస్తూ ఒండ్రును వెంట తెస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, సీటు పట్టాల లోపల, డిక్కీ అడుగున వేలు పెట్టి రాయండి. సన్నటి మెత్తటి మట్టి అంటితే ఇక ధర గురించి మాట్లాడే పని లేదు.

తరువాత చూడవలసినవి డ్రెయిన్లు. టాపు వెళ్లి ముడుచుకునే తొట్టిలో చేరే నీరు సన్నటి గొట్టాల గుండా బండి కిందకు పోవాలి. వేప చెట్టు నీడన నిలిపే బండికి వేసవిలో రాలే పూత, ఆకుల ఈనెలు వెళ్లి ఆ గొట్టాల మూతుల్లోనే కూరుకుపోతాయి, వాటికి దుమ్ము తోడైతే మట్టి బిరడా బిగించినట్టే. అప్పుడు టాపు కొత్తదైనా నీరు పొంగి లోపలికే వస్తుంది. లోటాతో కొద్దికొద్దిగా నీళ్లు పోసి, బండి కింద రెండు వైపులా ధార పడుతున్నదా అని చూస్తే విషయం తెలిసిపోతుంది. మూసుకుపోయి ఉంటే మెత్తటి నైలాన్ తీగతో తీయించాలి గాని కంప్రెసర్ గాలి కొట్టనివ్వవద్దు. లోపల గొట్టం జాయింటు ఊడిందంటే నీరంతా బాడీలోకే దిగుతుంది.

ఇక గుడ్డ సంగతి. ఈ టాపుల గుడ్డ ఒకే పొర కాదు. పైన నేత, మధ్యన రబ్బరు పొర, అడుగున మరో నేత ఉంటాయి. నీటిని ఆపేది ప్రధానంగా ఆ మధ్య పొర కాబట్టి రంగు వెలిసినంత మాత్రాన టాపు కారదు. బండిని చీకటి షెడ్డులో పెట్టి, ఒకరు బయట టార్చి పట్టుకుంటే లోపల కూర్చున్నవారికి లైనింగు లేని చోట్ల రంధ్రాలు తెలుస్తాయి. నా బండిని ఆటోనగర్‌లో జీపులకు టాపులు కుట్టే ఒక పెద్ద మేస్త్రీకి చూపించినప్పుడు, ఆయన ఏమీ అడగకుండా కుట్టు వెంట బొటనవేలి గోరుతో ఒక గీత గీశారు. గోరు వెళ్లిన మేరా దారం పొడిగా రాలిపోయింది, గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. "గుడ్డకింకా ఆయుష్షు ఉందండీ, దారమే చచ్చిపోయింది" అన్నారు. మిషను మీద కుడితే సూది కొత్త చిల్లులు వేస్తుందని, పాత చిల్లుల్లోంచే లావు పాలియెస్టర్ దారంతో చేత్తో కుట్టి, కుట్టు మీద సీలెంట్ పూశారు. ఆ కుట్టు ఈనాటికీ నిలిచి ఉంది. మీరు రాసిన లక్షణాలను బట్టి మడత దగ్గర మీకూ దారమే పోయి ఉండవచ్చు. గోటితో గీసి చూడండి.

వెనక అద్దం ఊడటం అంత తేలిక కాదు. ఈ మోడల్‌లో అది గాజు అద్దం, గుడ్డకు అంటించి ఉంటుంది. ఎండకు గుడ్డ బిగుసుకుని అంచును లాగుతూ ఉంటుంది కనుక బజారు గమ్ముతో అంటిస్తే మే నెలలో మళ్లీ ఊడుతుంది. అద్దం అంచు సగానికి పైగా గుడ్డను వదిలేసి ఉంటే మొత్తం టాపు మార్చడమే నయం. అప్పుడు మాత్రం అద్దంతో సహా తయారై వచ్చే ఆ మోడల్ టాపునే తెప్పించుకోండి. మన మేస్త్రీల చేతి పనికి నేను వంక పెట్టడం లేదు, రెగ్జిన్‌తో వారు వేసే జీపు టాపు రాయిలా ఉంటుంది. కానీ జీపు టాపును బిగించి వదిలేస్తారు, దీన్ని మోటారు రోజూ మడుస్తుంది, కత్తిరింపులో కాస్త తేడా వచ్చినా ఫ్రేము మధ్య నలిగి అక్కడే చిరుగుతుంది. రబ్బరు సీళ్లకు విడిగా ఎస్టిమేట్ అడగడం మరువవద్దు. నా బండికి వాటి ఖర్చు గుడ్డ ధరలో దాదాపు సగం అయింది.

ఇంజిను నడుస్తుండగా టాపును తెరిచి మూయించండి. ఈ మినీలో అది పూర్తిగా తెరుచుకోవడానికి 15 సెకన్లు పడుతుంది, గంటకు 30 కిలోమీటర్ల వేగం లోపలైతే నడుస్తూ ఉండగానే పనిచేస్తుంది. ఒక పక్క ముందూ మరో పక్క వెనకా లేస్తున్నా, లైనింగు మీద నూనె మరక కనిపించినా హైడ్రాలిక్ సిలిండర్లను అనుమానించవలసిందే.

ఈ బాధలన్నీ ఎందుకు, ఫైబర్ టాపు బిగించి వదిలేయండి అనే సలహా మీకు తప్పకుండా ఎవరో ఒకరు ఇస్తారు. అది వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది; పైగా రేపు క్లెయిము వేళ బీమా కంపెనీకి అదొక అభ్యంతరంగా దొరుకుతుంది.

కాగితాల దగ్గర ఒక మెలిక ఉంది. 2013 నాటి హైదరాబాదు బండి కాబట్టి నంబరు ఏపీతోనే మొదలవుతుంది, దానితో మన రాష్ట్రం బండే కదా అనిపిస్తుంది. కానీ 2014 జూన్ 2 తరువాత ఆ రికార్డులు తెలంగాణ రవాణా శాఖవి. అక్కడినుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), బండిని మీ పేరు మీదికి మార్చడానికి యజమాని సంతకాలతో 29, 30 ఫారాలు, లోను ఉండి ఉంటే అది తీరిందని ఫైనాన్సు కంపెనీ నుంచి ఫారం 35 తీసుకోవాలి; పన్ను లెక్క ఎలా ఉంటుందో అడ్వాన్సు ఇవ్వకముందే గుంటూరు రవాణా కార్యాలయంలో కనుక్కోండి. బీమాను 14 రోజులలోగా మీ పేరు మీదికి మార్పించుకోవాలి. 2028లో ఈ ఆర్సీకి 15 ఏళ్లు నిండుతాయి. 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి దిగుమతి కార్ల ఆర్సీ రెన్యువల్ రుసుమును 40,000 రూపాయలు చేశారు, అదీ అయిదేళ్లకే; ఆ మొత్తాన్ని కూడా మీ బేరంలో ఇప్పుడే వేసుకోండి.