ఈ-1 వీసా: పాస్‌పోర్టు, వ్యాపారం ఒకే దేశానివి కావాలి

చెన్నై, బెంగళూరు తెలుగు వ్యాపారులు తరచూ అడిగే ప్రశ్న: "అమెరికాకు సరుకు పంపుతున్నాం. అక్కడే ఉండి వ్యాపారం చూసుకోవడానికి ట్రేడర్ వీసా వస్తుందా?" భారత పాస్‌పోర్టు మీద రాదు. ఈ ట్రేడర్ వీసానే ఈ-1 అంటారు. దాన్ని ఇచ్చేది అమెరికాతో తగిన వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే. ఆ జాబితాలో పాకిస్తాన్ ఉంది, 2004 నుంచి సింగపూర్ ఉంది, మన దేశం లేదు. ఏటా వంద కంటైనర్లు పంపినా ఇంతే. "మేం ఇప్పిస్తాం" అనే ఏజెంటుకు అడ్వాన్సు కట్టకండి.

సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత మూలాలవారికి మన ప్రభుత్వం ఇచ్చేది) తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడిన మనవాళ్లకు మాత్రం దారి ఉంది. ఎక్కువమంది బోల్తా పడేదీ అక్కడే. పాస్‌పోర్టు సింగపూర్‌ది, సరుకు మాత్రం చెన్నై రేవు నుంచి నేరుగా అమెరికాకు వెళ్తుంది. అది భారత్-అమెరికా వ్యాపారం, ఈ-1 లెక్కలోకి రాదు. ఇన్‌వాయిస్ మీద సింగపూర్ కంపెనీ పేరు వేసినంత మాత్రాన సరిపోతుందనుకోవద్దు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) లోడింగ్ పోర్టు కనబడుతూనే ఉంటుంది. బ్రిటిష్ పాస్‌పోర్టుకు ఇంకో మెలిక: 1815 నాటి ఒప్పందం ప్రకారం బ్రిటన్‌లో నివాసం కూడా ఉండాలి. చెన్నైలో కాపురం ఉంటూ అడిగితే చిక్కే.

తర్వాత అంకెలు. కంపెనీ అంతర్జాతీయ వ్యాపారంలో సగానికి మించి ఆ దేశానికీ అమెరికాకూ మధ్యే జరగాలి. మొత్తం 10 లక్షల డాలర్లలో అమెరికాతో 4 లక్షలు, మిగతా దేశాలతో 6 లక్షలు అయితే తప్పుతుంది. దేశంలోపలి అమ్మకాలు ఈ లెక్కలో కలపరు. అమెరికాలో ఉన్నది బ్రాంచి అయితే మాతృసంస్థ వ్యాపారమంతా లెక్కిస్తారు, విడిగా రిజిస్టరైన సబ్సిడరీ అయితే దాని వ్యాపారమే చూస్తారు. అందుకే నాలుగు దేశాలతో వ్యాపారం చేసేవాళ్లు సబ్సిడరీ పెట్టుకుంటారు.

కంపెనీలో కనీసం 50 శాతం వాటా ఆ దేశ పౌరులదే కావాలి. మీది 40, భారత పౌరుడైన తమ్ముడిది 60 అయితే కుదరదు. గ్రీన్‌కార్డు ఉన్న భాగస్వామి వాటానూ ఇందులో లెక్కించరు.

వ్యాపారం అప్పటికే నడుస్తూ ఉండాలి, "వెళ్లాక మొదలుపెడతాం" అంటే చెల్లదు. ఒక్క పెద్ద ఆర్డరు చాలదు, లావాదేవీలు వరసగా జరుగుతుండాలి. ఒక్కోదాని విలువ తక్కువైనా ఎక్కువసార్లు జరిగితే సరిపోవచ్చు, సంఖ్యా విలువా రెండూ ఎక్కువైతే ఇంకా బలం. ఇన్‌వాయిస్, షిప్పింగ్ కాగితం, డబ్బు జమైన బ్యాంకు స్టేట్‌మెంటు, ఈ మూడింటినీ లావాదేవీవారీగా జతచేసి, ఏడాది మొత్తానికి ఒక పట్టిక పెట్టండి. ఫారాలు డీఎస్-160, డీఎస్-156ఈ.

వెళ్లిన ప్రతిసారీ రెండేళ్ల వరకు బస ఇస్తారు. షరతులు నిలుపుకున్నంతకాలం పొడిగించుకోవచ్చు. భార్య లేదా భర్తది భారత పాస్‌పోర్టైనా ఫరవాలేదు, ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. ఐ-94లో (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) వాళ్లకు ఈ-1ఎస్ అనే జీవిత భాగస్వామి కోడ్ పడిందో లేదో దిగగానే చూసుకోండి. పిల్లలకు 21 నిండితే ఆ హోదా పోతుంది.

భారత పాస్‌పోర్టు వాళ్లకు దగ్గరి దారి ఎల్-1ఏ, అంటే కంపెనీ తన మేనేజర్లను అమెరికాలోని తన ఆఫీసుకు బదిలీ చేసే వీసా. గడిచిన మూడేళ్లలో కనీసం ఏడాదిపాటు ఏకధాటిగా ఇక్కడి కంపెనీలో పనిచేసి ఉండాలి. ప్రొప్రైటర్‌షిప్ దుకాణం యజమాని తన పేరు మీద తానే పిటిషన్ వేసుకోలేడు. అక్కడ కొత్త ఆఫీసైతే మొదట ఏడాదే ఇస్తారు. అద్దె ఒప్పందం ముందే చూపాలి. పొడిగింపు దగ్గర అడిగేది సిబ్బంది గురించి: ప్యాకింగు నుంచి బిల్లుల దాకా అన్నీ మీరే చేస్తుంటే మేనేజరుగా ఒప్పుకోరు. ఇక్కడి కంపెనీని మూసేస్తే అక్కడి హోదా కూడా నిలవదు.