గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి తిరిగొచ్చే సాల్మన్ చేపలను సీ లయన్లు (సీల్ లాంటి సముద్ర జంతువులు) తినేస్తే ఆ చేపల సంఖ్య నిజంగా తగ్గిపోతుందా?

చేపలు పుష్కలంగా ఉంటే పెద్దగా తగ్గదు. ముందే తగ్గిపోయి ఉంటే మాత్రం దెబ్బ గట్టిగానే తగులుతుంది.

అమెరికాలో కొలంబియా నదిపై, సముద్రానికి సుమారు 235 కిలోమీటర్ల దూరంలో బానవిల్ డ్యామ్ ఉంది. చేపలు డ్యామ్ దాటి పైకి ఎక్కడానికి ఫిష్ ల్యాడర్లు, అంటే మెట్లలాంటి నీటి దారులు కట్టారు. వాటి మొదలు ఎక్కడుందో వెతుక్కుంటూ సాల్మన్లు డ్యామ్ కిందే గుమిగూడతాయి. సీ లయన్లకు అది వడ్డించిన విస్తరి. పెద్ద చేపను నీటిపైకి తెచ్చి, తల అటూ ఇటూ విదిలించి ముక్కలు చేసి మింగుతాయి. రాలిన ముక్కల కోసం పక్షులు కాచుకుని ఉంటాయి.

పిల్ల చేపలు ఎలాగూ చాలావరకు చచ్చిపోతాయి. కానీ తిరిగొచ్చేది అన్ని గండాలూ దాటిన చేప. ఆడదైతే కడుపులో వేల గుడ్లుంటాయి. అందుకే ఇక్కడ ఒక్కటి పోయినా నష్టం ఎక్కువ.

అలాగని తప్పంతా సీ లయన్లదే అనలేం. సియాటిల్‌లోని బల్లార్డ్ లాక్స్ (పడవల్ని ఒక నీటిమట్టం నుంచి మరోదానికి దాటించే గేట్ల కట్టడం) దగ్గర సాల్మన్ కుటుంబానికే చెందిన స్టీల్‌హెడ్ చేపలను అవి దాదాపు ఊడ్చేశాయి. 1980ల మొదట్లో వేలల్లో వచ్చేవి, 1994 నాటికి వందలోపుకు పడిపోయాయి. సముద్ర క్షీరదాలను కాపాడే 1972 నాటి చట్టం రక్షణ ఉండటంతో సీ లయన్లను ముట్టుకోవడానికే ఏళ్లు పట్టింది. చివరికి 1996లో మూడింటిని పట్టి ఫ్లోరిడాకు పంపారు. అయినా స్టీల్‌హెడ్ కోలుకోలేదు. నా లెక్కలో అసలు చిక్కు చేపల్ని ఒకచోట ఆపేసే కట్టడాలు, పాడైన నదులే.